అర్లోజీ ఎక్కడి మాట

మా మనవరాలు కీర్తనకి మలేషియా రేవు పోర్ట్ క్లాంగ్‌లో ఒక ఓడల కంపెనీ ఆఫీసులో ఉద్యోగం. వాళ్ల పై అధికారి డచ్చి దేశస్థుడు. ఆయన పదవీ విరమణ చేసి సొంత ఊరు వెళ్లిపోతున్నాడని ఆఫీసు వాళ్లంతా కలిసి ఒక చేతి గడియారం కొన్నారు. దాంతోపాటు ఇచ్చే కార్డు మీద ఆయన భాషలోనే నాలుగు ముక్కలు రాస్తే బాగుంటుందని, ఆ పని కీర్తన తన నెత్తిన వేసుకుంది. ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఫోను చేత పలికిస్తూ, దాని వెనకాలే తనూ పలుకుతోంది. నేను ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. "హోర్లోజ" అంది ఫోను. "హోర్లోజ" అంది కీర్తన. నా చేయి ఆగిపోయింది.

"మళ్లీ అను."

"ఏటి మామ్మా? వాచీ లా. డచ్చిలో వాచీని హోర్లోజ అంటారు."

అర్లోజీ. చిన్నప్పుడు ఎస్టేటులో మా ఇంటి మెట్ల మీద కూర్చుని ఒక మనిషి ఆ మాట అనగా విన్నాను. ఆ తర్వాత ఆ సాయంత్రం దాకా ఇంకెవరి నోటా వినలేదు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూడమన్నాను. నాకెందుకో దానికి అర్థం కాలేదు గాని చూసింది. చదువుతూ తన తెలుగూ తమిళమూ కలిపిన, మాట చివర 'లా' తగిలించే మా మలేషియా భాషలో చెప్పింది. "డచ్చోళ్లది సొంత మాట కాదు లా మామ్మా. ఫ్రెంచోళ్ల దగ్గర ఎడుత్తుకున్నారంట. ఫ్రెంచిలో కూడా అదే, హోర్లోజ్. వాళ్లకి లాటిన్ నుంచి వచ్చింది. లాటిన్‌కి గ్రీకు నుంచి. గ్రీకులో హోర అంటే గంట. రెండో ముక్కకి చెప్పేది అని అర్థం. గంట ఎంతయ్యిందో చెప్పేది."

హోర. మన పంచాంగంలో హోర కూడా అదే మాట. నాన్న దాదాపు సరిగ్గానే చెప్పాడన్నమాట. ఆయన పోయి ముప్పై ఏళ్లు దాటింది. ఆయనతో ఈ సంగతి మీద వాదం పెట్టుకున్న మనిషి పోయి అంతకు రెట్టింపు దాటింది. ఈ కబురు చెప్పడానికి ఇద్దరిలో ఒక్కరూ లేరు. ఆ రాత్రి నేను అన్నం ముట్టలేదు. కీర్తన వాళ్లమ్మతో, మామ్మకి ఒంట్లో బాగోలేదేమో అంది. ఒంట్లో బాగానే ఉంది. ఎనభై ఏళ్లు వచ్చాయి, ఇప్పటికైనా చెప్పకపోతే ఇంకెప్పుడు చెప్తాను అని కూర్చుని ఇది రాస్తున్నాను.

మా ఎస్టేటు సుంగై సుమున్ దగ్గర, సముద్రం గాలి తగిలేంత దూరంలో. మేము దాన్ని తోట అనేవాళ్లం. ఎటు చూసినా కొబ్బరి చెట్లు, మధ్య మధ్య ఉప్పునీళ్ల కాలువలు. నాకు ఆ కాలమంతా ముందుగా వాసనగానే గుర్తొస్తుంది. ఎండుకొబ్బరి ఆరబెట్టే కొట్టంలో రాత్రీ పగలూ చిప్పల మంట ఉండేది. ఆ పొగ మా బట్టల్లో, జుట్టులో, తాగే నీళ్లలో కూడా ఉండేది. బడికి వెళ్తే టౌను పిల్లలు మమ్మల్ని కళ్లు మూసుకుని కూడా పోల్చేవాళ్లు. అమ్మ తెల్లారకముందే లేచి కొబ్బరి కోరేది. మామ్మ, అంటే నాన్నకి అమ్మ, వాకిట్లో పీట వేసుకుని చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీల్చేది. తాతతో పాటు భీమిలి వైపు నుంచి ఓడెక్కి వచ్చిన మనిషి. ఆ చుట్ట తప్ప ఆ ఊరిది ఇంకేదీ తన దగ్గర మిగల్లేదనేది.

నాన్న తోట ఆఫీసులో చిన్న కిరాణీ, అంటే గుమాస్తా. టౌనులో ఇంగ్లీషు బడిలో చదివాడు. మామ్మ దగ్గర తెలుగు నేర్చి, ఇండియా నుంచి ఓడలో వచ్చే పంచాంగం చదివే దాకా వెళ్లాడు. లైన్లలో, అంటే కూలీల ఇళ్ల వరసల్లో, ఎవరికి పిల్ల పుట్టినా వచ్చి నక్షత్రం నాన్ననే అడిగేవాళ్లు. ఆయనకి మాటల పిచ్చి. తోటలో తెలుగువాళ్లు, తమిళులు, జావా వాళ్లు, చీనీయులు. ఎవరి నోట కొత్త మాట వచ్చినా, అది ఎవరి దగ్గర నుంచి ఎవరికి వచ్చిందో తేలేదాకా ఆయనకి నిద్ర పట్టదు. అటక మీద ఒక నోటుపుస్తకం ఉండేది, దాని నిండా ఈ మాటలే. అమ్మకి అది నచ్చేది కాదు. ఆ పుస్తకం బదులు ఇంటి కప్పు సంగతి చూడమనేది.

నాన్నకి ఒక గొలుసు గడియారం ఉండేది. తనకి ముందు పనిచేసిన పెద్ద కిరాణీ ఇచ్చి వెళ్లింది. పొద్దున్న పనికి పిలవడానికి వేలాడదీసిన రైలుపట్టా ముక్కని ఆ గడియారం చూసే కొట్టేవాళ్లు. రోజూ ఆ పట్టా మోత అయిపోగానే దానికి కీ ఇవ్వడం నా పని. ఇరవై తిప్పులు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ చిన్న పుల్ల గరగరమంటుంటే, ఊరందరినీ నేనే లేపుతున్నంత గొప్పగా ఉండేది.

కీ ఎలా ఇవ్వాలో నాకు నేర్పింది సర్మాన్ మామ. అందరూ ఆయన్ని వాక్ సర్మాన్ అనేవాళ్లు. వాక్ అంటే జావా వాళ్లలో పెద్ద వరస. మామ్మ మాత్రం మనకి వాక్కులూ గీక్కులూ ఎందుకని నా చేత మామ అనిపించింది. ఎండుకొబ్బరి కొట్టంలో మంట చూసే పని ఆయనది. కళ్లు ఎప్పుడూ పొగకి ఎర్రగా ఉండేవి. కానీ చిన్నతనంలో జావాలో ఒక డచ్చివాడి గడియారాల దుకాణంలో పని నేర్చుకున్నాడు. బిస్కెట్ డబ్బాలో పట్టకార్లు, సూదుల్లాంటి స్క్రూడ్రైవర్లు, కంటికి పెట్టుకునే చిన్న భూతద్దం ఉండేవి. సెలవు రోజున మా మెట్ల మీద పాత లుంగీ గుడ్డ పరిచి, దాని మీద గడియారాన్ని విప్పేవాడు. అంత మోటు వేళ్లు ఆ వెంట్రుకంత స్ప్రింగుల మీద ఎలా ఆగేవో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. తనకంటూ గడియారం లేదు. ఇంకొకరిది పెట్టుకునేవాడు కాదు.

"ఒక్క సారి," అనేవాడు తన ముక్కల తెలుగులో. "పొద్దున ఒక్క సారి. రెండు సార్లు తిప్పితే గుండె తెగిపోద్ది. ఎవరైనా తిప్పినారంటే నువ్వు మళ్లీ ముట్టుకోవద్దు."

ఆ మెట్ల మీదే ఆ వాదం మొదలైంది. నాన్న మలయ్ మాటలో దాన్ని 'జామ్' అన్నాడు. సర్మాన్ మామ తల అడ్డంగా ఊపాడు.

"జామ్ గోడకి, కిరాణీ. ఇది ఒంటి మీదది. ఇది అర్లోజీ."

"అర్లోజీ ఎక్కడి మాట?"

"బెలందా మాట. మా టువాన్ అట్లాగే అనేవాడు."

బెలందా అంటే డచ్చివాళ్లు, టువాన్ అంటే దొర. వాకిట్లో మామ్మ చుట్ట నోట్లోంచి తీసింది. "ఒలందోళ్లా? మా భీమిల్లో ఆళ్ల గోరీలున్నాయిరా. సిన్నప్పుడు ఆటి మీదెక్కి ఆడుకునేటోళ్లం."

నాన్న ముఖం వెలిగిపోయింది. ఇటు బెలందా, అటు ఒలందా, ఒకే జనం. పుస్తకం దింపాడు. "ఆళ్లకి మాత్రం ఎక్కడిదంటావు?" అన్నాడు. "హోర లేదూ? పంచాంగంలో హోర. శుక్ర హోర, బుధ హోర. ఇది మన హోరే అయ్యుంటాది. హోర, హోర్లోజీ, అర్లోజీ!"

సర్మాన్ మామ కంటి మీది భూతద్దం తియ్యకుండానే నవ్వాడు. "నువ్వు అన్నీ మీ ఊరివే అంటావు కిరాణీ. టువాన్ తన తాత నుంచి తెచ్చుకున్నాడు. అంతే."

"తాతకి ఎవరిచ్చినారు?"

"ఆ తాతనే అడుగు."

ఆ వాదం నెలలపాటు సాగింది. కలిసినప్పుడల్లా అదే పలకరింపు. నాన్న "హోర" అనేవాడు, ఆయన "తాత" అనేవాడు, ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. మా నాన్న అంత మనసారా నవ్వడం ఆ మెట్ల మీద తప్ప నేను ఇంకెక్కడా చూడలేదు.

అవి మలయాలో ఎమర్జెన్సీ రోజులు. అడవుల్లో దాక్కున్న కమ్యూనిస్టులకీ తెల్లవాళ్ల సర్కారుకీ పోరాటం. మా తోటవాళ్లకి అందులో ఎవరి పక్షం వహించే వీలూ లేదు. అడవివాళ్లకి బియ్యం అందకూడదని సర్కారు మా లైన్ల చుట్టూ ఇనుప ముళ్ల కంచె వేసింది. తమిళులు కంబివేలి అనేవాళ్లు. మేమూ అదే అనేవాళ్లం. ఒకటే గేటు. పనికి వెళ్లే ఆడవాళ్ల అన్నం గిన్నెలు గేటు దగ్గర మూత తీసి పుల్లతో కెలికేవాళ్లు. అమ్మ ఆ గిన్నె ఇంటికి తెచ్చాక కూడా మూడుసార్లు కడిగేది. సాయంత్రం ఆరు గంటలకి గేటు మూసేసేవాళ్లు. ఆ తర్వాత బయట ఎవరు కనిపించినా కాల్చవచ్చని ఉత్తర్వు. అక్కడ ఆరింటికి ఇంకా ఎండ ఉంటుంది. పొద్దు చూసి వేళ చెప్పుకోవడానికి లేదు. అందరి ప్రాణాలూ గడియారం చేతిలో ఉండేవి. తోటలో గడియారాలు నాలుగో ఐదో, అంతే.

సర్మాన్ మామ భార్య సుమినా. అప్పటికి ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. రెండో కాన్పుకి కాలువ అవతల కంపుంగ్‌లో, అంటే మలయ్ పల్లెలో, తన తల్లి దగ్గరికి వెళ్లింది. మొదటి కాన్పు బిడ్డ దక్కలేదు.

ఇక ఆ రెండు రోజుల సంగతి. నేను నాన్న గడియారాన్ని ఆయనకి చెప్పకుండా బడికి పట్టుకెళ్లాను. నా పక్కన కూర్చునే పిల్లకి చూపించాలని. మధ్యాహ్నం నాన్న జేబు తడుముకుని వెతుకుతూ బడికే వచ్చాడు. అందరి ముందూ నా చేతి మీద ఒక్క దెబ్బ వేశాడు. "నేను సెప్పిందాకా దీన్ని ముట్టొద్దు" అన్నాడు. ఆయన ఎప్పుడూ కొట్టేవాడు కాదు. నాకు దెబ్బ కంటే ఆ పిల్ల నవ్వడం మండింది.

మర్నాడు పొద్దున్న పట్టా మోగింది. గడియారం ఎప్పటిలాగే మేకుకి వేలాడుతోంది. నాన్న నన్ను కొట్టిన సంగతి రాత్రే మర్చిపోయాడు. నేను మర్చిపోలేదు. ముట్టొద్దన్నాడుగా, ముట్టను. నాన్న ఆఫీసుకి వెళ్తూ గడియారం జేబులో వేసుకున్నాడు, అది ఇంకా టిక్కు టిక్కుమంటూనే ఉంది. నిన్నటి కీతో ఇంకా కొన్ని గంటలు నడుస్తుందని నాకు తెలుసు. సాయంత్రం ఆగిపోతుంది, అప్పుడు నాన్నే వచ్చి నన్ను బతిమాలుతాడు అనుకున్నాను. తొమ్మిదేళ్ల పిల్ల పంతం అంతే. అందులో ఇంకేమీ లేదు.

మధ్యాహ్నం నాన్న భోజనానికి వచ్చాడు. వెనకాలే సర్మాన్ మామ. ఆయన ముఖం నేను ఎప్పుడూ అలా చూడలేదు. ఆడపిల్ల పుట్టి మూడు రోజులైందని అప్పుడే కబురొచ్చింది. పాసు రాయించుకున్నాడు. వెళ్లడానికి గంట, రావడానికి గంట. అమ్మ బెల్లం ముక్క తెచ్చి ఆయన నోట్లో పెట్టింది. మబ్బు పట్టి ఉంది. నాన్న గొలుసు తీసి గడియారం ఆయన చేతిలో పెట్టాడు.

"వద్దు కిరాణీ. ఇంకొకరిది పెట్టుకోను."

"ఇంకొకరిదేటి? నాలుగు సార్లు ఇప్పి బాగుసేసినావు. నాకంటే నీదే ఇది. ఈ మబ్బులో ఏళ ఎలా తెలుస్తాది? అయిదింటికి అక్కడ బయల్దేరిపోవాల, సరేనా?" నాన్న నా వైపు తిరిగాడు. "సావి ఇచ్చినావా అమ్మా?"

కీని మేము తమిళంలోలాగా సావి అనేవాళ్లం. ఇవ్వలేదని చెప్పి ఉండవచ్చు. ఇవ్వలేదంటే, ఎందుకని అడుగుతాడు. నిన్నటి సంగతి సర్మాన్ మామ ముందు మళ్లీ వస్తుంది. ఆయన ముందు నాకు సిగ్గు.

"ఇచ్చినాను నానా."

సర్మాన్ మామ పుల్ల మీద వేలు పెట్టబోయినవాడల్లా తీసేశాడు. నేను ఇచ్చానన్నాను గనక ఇంక ముట్టుకోలేదు. గడియారం చెవి దగ్గర పెట్టుకుని విని, "బాగుంది" అని నా తల నిమిరి వెళ్లిపోయాడు.

మూడింటికి వాన మొదలైంది. గేటు మూసే వేళకి ఇంకా కురుస్తూనే ఉంది. నాన్న రెండుసార్లు గేటు దాకా వెళ్లి తడిసి వచ్చాడు. "ఆన గదా, అత్తోరింట్లో ఉండిపోయుంటాడు" అంది మామ్మ. ఆరున్నర ప్రాంతంలో కాలువ వైపు నుంచి రెండు మోతలు వినిపించాయి. అమ్మ చేతిలో గరిటె అలాగే ఆగింది.

కాపలా ఉన్నవాడు ఎక్కడి నుంచో కొత్తగా వచ్చినవాడు. ఆగమని అరిచాడట. వానలో ఈయనకి వినపడలేదు. కొబ్బరి చెట్ల కింద ఒక మనిషి పరిగెత్తి వస్తున్నాడు, ఒక చేయి చొక్కా లోపల ఉంది, బాంబో తుపాకీయో అనుకున్నాను అని చెప్పుకున్నాడు. చొక్కా లోపల ఉన్నది మా గడియారం. తడవకుండా మైనపు కాగితంలో చుట్టి గుండెకి అదిమి పట్టుకున్నాడు.

మర్నాడు నాన్న ఆఫీసులో కూర్చుని తన అందమైన దస్తూరీతోనే సర్మాన్ మామ చావు కాగితం రాశాడు. కర్ఫ్యూ వేళ దాటి తిరిగి వచ్చుచుండగా, అని. గడియారం తనదేనని చెప్పినందుకు నాన్నని పోలీసులు పూటంతా కూర్చోబెట్టి ప్రశ్నలు వేసి, చివరికి తిరిగి ఇచ్చారు. సాయంత్రం ఇంటికి తెచ్చి దీపం ముందు కాగితం విప్పాడు. లోపలికి చుక్క నీరు పోలేదు. ముళ్లు నాలుగు గంటల నలభై నిమిషాల మీద ఆగి ఉన్నాయి.

"దెబ్బకి ఆగిపోయినట్టుంది" అంది అమ్మ.

నాన్న కీ పుల్ల పట్టుకుని తిప్పాడు. దెబ్బకి ఆగి ఉంటే లోపల బిగువు ఉండాలి, నాలుగైదు తిప్పులకే బిగుసుకోవాలి. అది తిరుగుతూనే ఉంది. పది, పదిహేను, ఇరవై. గడియారం నడవడం మొదలుపెట్టింది. "నడుస్తాంది, నడుస్తాంది" అంది అమ్మ సంతోషంగా. నాన్న తలెత్తి నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉంటే ఎంత బాగుండేది. నిన్నటిదాకా ఎరిగిన పిల్ల ఎవరో మర్చిపోయిన మనిషిలా చూసి, దీపం తగ్గించి బయటికి వెళ్లిపోయాడు. మామ్మ దగ్గరికి పోయి ఆమె చీర కొంగులో ముఖం దాచుకున్నాను. ఎందుకని మామ్మ అడగలేదు. పిల్ల భయపడిందనుకుంది.

ఆ తర్వాత ఆయన నన్ను గడియారానికి కీ ఇమ్మని ఎప్పుడూ అనలేదు. ఆఫీసు గోడకి పెద్ద గడియారం వచ్చింది. గొలుసు గడియారం ఏమైందో నాకు తెలీదు. నోటుపుస్తకం అటక మీదే చెదలు పట్టింది. మా ఇద్దరి మధ్యా మామూలు మాటలన్నీ ఉండేవి. బడి ఫీజు, జ్వరం, కొత్త చెప్పులు, అన్నీ. ఆ ఒక్క మాట తప్ప. అది లేకపోవడం వల్ల మిగతా మాటలన్నీ ఎవరో పరాయివాళ్లు మాట్లాడుకుంటున్నట్టు ఉండేవి.

మెర్డెకా వచ్చింది. స్వతంత్రం. అప్పటికి మా వైపు కంచెలు సడలాయి. తోట లారీల్లో అందరినీ టౌనుకి తీసుకెళ్లారు. తెలుక్ ఇంటాన్‌కి అప్పుడు తెలుక్ ఆన్సన్ అని పేరు. మైదానం నిండా జనం, కాగితపు జెండాలు, బ్యాండు, ఎండ. ఆ జనంలో నాన్న ఒక్కసారిగా ఆగిపోయాడు. చెట్టు నీడలో సుమినా ఉంది. చేయి పట్టుకుని ఐదేళ్ల పిల్ల. నాన్న ఐసు వేసిన ఎర్ర షర్బత్తు ఒక గ్లాసు కొని నా చేతికిచ్చాడు. "ఆ పిల్లకి ఇచ్చి రా" అన్నాడు. తను రాలేదు.

నేను వెళ్లి ఇచ్చాను. పిల్లకి అచ్చం తండ్రి కనుబొమలు. సుమినా నన్ను పోల్చుకుని నా జడ సర్దింది. నాన్న బాగున్నాడా అని అడిగింది. బాగున్నాడన్నాను. నోటి దాకా వచ్చింది. 'మామ తప్పు కాదు, నేనే' అని మలయ్‌లో వరస కట్టుకున్నాను కూడా. అంతలో లౌడ్ స్పీకరులో ఎవరో "మెర్డెకా!" అన్నారు. మైదానమంతా ఒక్క గొంతుతో అరిచింది. నేనూ అరిచాను. ఏడుసార్లో ఎనిమిదిసార్లో, గొంతు పోయేలా అరిచాను. అది అయ్యాక చూస్తే సుమినా పిల్లని భుజాన వేసుకుని ఎండలోంచి వెళ్లిపోతోంది.

తిరుగు లారీలో నాన్న నా పక్కనే కూర్చున్నాడు. ఇంజను మోతలో, నాకు తప్ప ఎవరికీ వినపడకుండా అన్నాడు. "ఆ యమ్మకి నేను సెప్పాల. రెండు సార్లు కాలవ దాకా ఎల్లి తిరిగొచ్చినాను." మళ్లీ, "నువ్వు సిన్నపిల్లవి. నువ్వు సెప్పొద్దు. నేను సెప్తాను" అన్నాడు. ఆ విషయం ఆయన నోట రావడం అదొక్కసారే.

నేను టీచరునయ్యాను. పెళ్లై క్లాంగ్ వచ్చాను. నాన్న మా ఇంట్లోనే పోయాడు. చివరి రోజుల్లో ఆయన పక్కన కూర్చుని, చెప్పావా నాన్నా అని అడగాలని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. అడగలేదు. చెప్పే ఉంటాడని నమ్మాను. నమ్మడం తేలిక. ఆ నమ్మకం మీద పిల్లల్ని పెంచాను, బళ్లో పిల్లలకి అబద్ధమాడకూడదని పాఠాలు చెప్పాను, మనవలకి జోలపాటలు పాడాను.

కీర్తన ఆ మాట పలికిన వారానికి, మా తమ్ముడి కొడుకు రమణని కారు తీయమన్నాను. తోట లేదు. కొబ్బరి చెట్లు కొట్టేసి పామాయిలు వేశారు. లైన్లు ఉన్నచోట లోడింగు లారీలు నిలబెడుతున్నారు. పొగ వాసన లేదు. తెలుగు మాట్లాడే ఇళ్లు నాలుగు దొరికాయి. వాటిలో పిల్లలు మా వంక చూసి నవ్వి, తమిళంలో జవాబు చెప్పారు. నేను వెతికింది వాళ్ల కోసం కాదు. కాలువ అవతల కంపుంగ్‌లో సర్మాన్ కూతురు అని అడిగితే, ఒక టీకొట్టు ఆయన జమీలా ఇల్లు చూపించాడు.

ఆమెకి డెబ్బై ఏళ్లు దాటాయి. ఆ కనుబొమలు నెరిశాయి. కిరాణీ కూతురినంటే చేతులు పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. తేనీరు, వేయించిన అరటిపండ్లు తెచ్చింది. నేను ముట్టకుండా ముందే చెప్పేశాను. మలయ్‌లో, బళ్లో పాఠం అప్పజెప్పినట్టు. దెబ్బ సంగతి, పంతం సంగతి, ఇచ్చినాను నానా అన్న సంగతి, ఆగిన ముళ్ల సంగతి. రమణ నా వైపు చూడలేక గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు.

జమీలా అంతా విని, "మీ నాన్న మాకేమీ చెప్పలేదు" అంది. మళ్లీ తనే అంది, "ఆ రోజు మా నాన్న వెళ్లడానికి లేచాడట. అమ్మ, రెండు ముద్దలు తిని వెళ్లమంది. ఆయన అర్లోజీ చూసి, ఇంకా ఇరవై నిమిషాలుంది అని కూర్చుని తిన్నాడు. అమ్మకి వేళ చూడటం రాదు. తన మూలంగానే ఆలస్యమైందని అమ్మ లెక్క. ఒక కంచం అన్నంతో మీ నాన్నని చంపాను అనేది. ఆ తర్వాత మా ఇంటికి ఎవరొచ్చినా, తిని వెళ్లండి అని అమ్మ నోట ఎప్పుడూ రాలేదు. చుట్టాలు పిసినారిదన్నారు. అననిచ్చింది. నా పెళ్లిలో కూడా వడ్డన దగ్గరికి రాలేదు."

"అమ్మ ఎప్పుడు..."

"రెండేళ్లు కాలేదు. కిందటేడు రంజాను ఉపవాసాలకి ముందు."

క్లాంగ్ నుంచి అక్కడికి కారులో మూడు గంటల ప్రయాణం. సుమినా తొంభై ఏళ్లు దాటి బతికింది. అన్నేళ్లలో ఏ ఒక్క రోజైనా నేను బస్సెక్కి రావచ్చు. ఆ సంగతి జమీలా అనలేదు. అనక్కర్లేదు. నేను ఏడవలేదు. ఏడిస్తే ఆమె నన్ను ఓదార్చాల్సి వస్తుంది. అంత అన్యాయం చెయ్యడానికి నాకు మనసొప్పలేదు.

"నీకప్పుడు ఎన్నేళ్లు?" అని అడిగింది.

"తొమ్మిది."

ఆమె తల ఊపింది. క్షమించానని అనలేదు, తిట్టలేదు. తలగుడ్డ సర్దుకుని లేచి, రమ్మంది. ఇంటి వెనక దారి వెంట నడిచి, నీలం గేటున్న శ్మశానం చేరాం. నేను లోపలికి రావచ్చునో లేదోనని గేటు దగ్గర ఆగాను. ఆమె నా మోచేయి పట్టుకుని నడిపించింది. సుమినా సమాధి. తలవైపొకటి, కాళ్లవైపొకటి రెండు రాళ్లు, వాటి మధ్య గులకరాళ్లు పరిచి ఉన్నాయి. మొన్నెప్పుడో కడిగినట్టు శుభ్రంగా ఉన్నాయి.

"చెప్పు" అంది.

నేను వంగి, నోట్లో నోట్లోనే, మీరు అన్నానికి ఆపడం వల్ల కాదు అని మొదలుపెట్టాను.

"అలా కాదు," అంది జమీలా. "చివర్లో అమ్మకి చెవులు వినపడేవి కావు. గట్టిగా చెప్పు."

గట్టిగానే చెప్పాను.